గోరువెచ్చని నీళ్ళు

"ఆదివారం ఫోను రాలేదంటే ఆ పిల్లకి ఏదో అయ్యే ఉంటుందండీ," అంది అమలమ్మ, స్టీలు బకెట్టులో మోచెయ్యి ముంచి నీళ్ళ వేడి చూసుకుంటూ. "జ్వరమన్నా వచ్చి పడుండాలి, పామన్నా కరిచుండాలి. ఇవాళ బుధవారం. మూడ్రోజుల్నుంచీ కుడికన్ను ఒకటే అదురు. నా దగ్గర ఏదో దాస్తున్నారు."

మంచం మీదున్న రావమ్మగారు ఏమీ అనలేదు. అనలేరు కూడా. పక్షవాతం వచ్చి మాట పడిపోయి నలభై రోజులు దాటింది. కుడివైపంతా చచ్చుబడి, ఎడమచెయ్యి ఒక్కటే ఆవిడ స్వాధీనంలో మిగిలింది. హనుమాన్ జంక్షన్ అవతల మాగాణీ, చేపల చెరువులూ ఉన్న ఇంటికి పెద్దామె. ఇప్పుడు గవర్నర్‌పేటలో ఈ నర్సింగ్ హోం మూడో అంతస్తులో, కిటికీ పక్క మంచం మీద, ముక్కులో గొట్టంతో పడుకుని ఉంది.

"ఎడమచెయ్యి ఎత్తుతున్నానండీ," అని చెప్పి అమలమ్మ ఒక్క క్షణం ఆగింది. ఆ తర్వాతే ఎత్తింది. చంక తుడిచి, పొడిగుడ్డతో అద్ది, పౌడరు చల్లింది. "ఇప్పుడు పక్కకి తిప్పుతున్నా. వీపుకి కాస్త చల్లగా తగుల్తుంది."

ఇరవై రెండేళ్ళుగా ఆయమ్మగా ఆమె పని ఇదే, ఇలాగే. చెప్పకుండా ఎవరినీ ముట్టుకోదు. స్పృహలో లేనివాళ్ళకైనా సరే, చెప్పే ముట్టుకుంటుంది. కొత్తగా చేరిన నర్సులు మొదట్లో నవ్వుకుంటారు, తర్వాత పట్టించుకోవడం మానేస్తారు. పొట్టి మనిషి. సబ్బునీళ్ళలో నానీ నానీ అరచేతుల్లో గీతలు అరిగిపోయాయి. రేషను ఇచ్చే చోట మిషను ఆమె వేలిని గుర్తుపట్టదు. ప్రతి నెలా భర్త శౌరయ్యే వచ్చి వేలు పెట్టాలి.

మొదటి వారం రావమ్మగారు ఆమెను ఒంటి మీద చెయ్యి వెయ్యనివ్వలేదు. ఉన్న ఒక్క చేత్తోనే విదిలించి కొట్టింది. ఒకసారి ముక్కుమీద తగిలి రక్తం వచ్చింది. అమలమ్మ మొహం కడుక్కుని వచ్చి, "మళ్ళీ మొదలుపెడుతున్నానండీ," అని బకెట్టు ముందుకు జరుపుకుంది. మూడో వారానికి ఆ చెయ్యి కొట్టడం మానేసింది. నాలుగో వారం నుంచి అమలమ్మ చీర కొంగు పట్టుకోవడం మొదలుపెట్టింది. ఒళ్ళు తుడిచినంతసేపూ, గొట్టంలో జావ పోసినంతసేపూ పట్టు వదలదు. కొంగు అలా ఆవిడ గుప్పిట్లో ఉండగానే అమలమ్మ తన కూతురి సంగతులన్నీ చెప్పుకుంటూ పోయేది.

కూతురు జెస్సికా. ఇరవై నాలుగేళ్ళు. కిందటేడు మఠంలో మొదటి మాటపట్టు, అంటే సన్యాస ప్రమాణం, తీసుకుని సిస్టర్ అయింది. ఆరు వారాల క్రితం మిషన్ పనికని ఆఫ్రికాలో మలావీ అనే దేశానికి పంపారు. గన్నవరం విమానాశ్రయంలో అద్దాల తలుపు దగ్గర పిల్లని పట్టుకుని అమలమ్మ సింహాల గురించి, దోమల గురించి, విమానంలో ఊపిరాడకపోవడం గురించి ఏకబిగిన చెప్పింది. శౌరయ్య నవ్వాడు. "నువ్వు తలుచుకున్నన్ని చావులు ఆ యముడు కూడా తలుచుకుని ఉండడే. వెళ్ళనీ దాన్ని." ఆయన ఆటో నడిపేది గన్నవరంలోనే. విమానం నెత్తి మీంచి వెళ్ళిన ప్రతిసారీ చెయ్యి ఊపేవాడు, ఏ విమానమైనా సరే.

ఆదివారం ఆదివారం సాయంత్రం అయిదింటికి పావుగంట ఫోను. అక్కడ మధ్యాహ్నం ఒకటిన్నర. మొదటి రెండు వారాలూ పిల్ల గొంతు గలగలలాడింది. "సింహాల్లేవమ్మా, కుక్కలున్నాయి, మన వీధిలో ఉన్నట్టే." మూడు పూటలా మొక్కజొన్న పిండితో చేసిన తెల్ల సంకటి, చిక్కుడు గింజల కూర. ఉప్పు తక్కువ, కారం అసలే లేదు. మఠంలో ఎవరి వస్తువైనా అందరిదీ కాబట్టి అమలమ్మ కట్టిచ్చిన ఆవకాయ సీసా బల్ల మీద పెడితే, అక్కడి సిస్టరొకామె సంకటిలో చెంచాడు కలుపుకుని, తిన్నంతసేపూ కళ్ళు తుడుచుకుంటూనే ఉందట. పెద్దవాళ్ళకి నీళ్ళిచ్చినా మోకాళ్ళ మీద కూర్చుని ఇవ్వాలట. "నీ మోకాళ్ళు అరిగిపోతాయే!" అని అమలమ్మ గోల. చిన్నపిల్లలు వచ్చి తన జుట్టు ముట్టుకుని పారిపోతారట. చలిగా ఉందట కూడా. "ఆఫ్రికాలో చలేంటే?" అని ఆమె నమ్మలేదు. రెండు స్వెట్టర్లు ఎలా పంపాలో కనుక్కోమని శౌరయ్యని వారం రోజులు తిప్పింది.

నాలుగో వారం పిల్లని స్కూలు నుంచి మార్చి, దిక్కులేని ముసలివాళ్ళు ఆఖరి రోజులు గడిపే ఇంట్లో పనికి వేశారు. అప్పట్నుంచి "బాగానే ఉన్నానమ్మా" తప్ప రెండో మాట లేదు. మొన్న ఆదివారం ఆ మాట కూడా రాలేదు.

అమలమ్మ ఎవరికీ చెప్పని సంగతి ఒకటుంది. పిల్ల తిరిగొచ్చేస్తే గుణదల మాత కొండ మోకాళ్ళ మీద ఎక్కుతానని మొక్కుకుంది. దేవుడి పనికి పంపిన బిడ్డని మళ్ళీ దేవుడి తల్లినే తిరిగి అడగడం తప్పని తెలుసు. అందుకే శౌరయ్యకి చెప్పలేదు. రావమ్మగారికి మాత్రం చెప్పింది. అప్పుడు ఆవిడ కొంగు గట్టిగా లాగింది. వద్దనో, సరేననో తెలియదు.

"జుట్టు దువ్వుతానండీ," అంది అమలమ్మ. పల్చటి తెల్ల జుట్టు. ఇంటి నుంచి తెచ్చిన చెక్క దువ్వెన, నూనె తాగి నల్లబడింది. వేరే దువ్వెన తగిలితే రావమ్మగారు తల తిప్పేసుకుంటుంది. చిన్న జడ అల్లి, చివర రబ్బరు బ్యాండు వేసి, దువ్వెన కిటికీ గట్టు మీద పెట్టింది. కింద ఏలూరు రోడ్డు మీద సిటీ బస్సులు హారన్లు కొట్టుకుంటున్నాయి.

పదింటికి కోడలు కనకలక్ష్మి ఫ్లాస్కుతో వచ్చింది. తనొక స్టీలు గ్లాసులో పోసుకుని, అమలమ్మకి పేపరు కప్పులో పోసింది. "ఎలా ఉంది ఇవాళ?"

"పొద్దున్నుంచీ కాళ్ళు చల్లగా ఉన్నాయండీ. డాక్టరుగారికి చెప్పాను."

"నువ్వెప్పుడూ అలాగే అంటావు అమలమ్మా. మొన్న దగ్గితే న్యుమోనియా అన్నావు."

"అన్నానండీ," అని ఒప్పుకుంది అమలమ్మ, కాఫీ ఊదుకుంటూ.

డాక్టరు వచ్చి చూసి, కోడల్ని బయటికి పిలిచి మాట్లాడాడు. ఇంకేం చెయ్యడానికి లేదన్నాడు. కనకలక్ష్మి వరండాలో నిలబడి భర్తకి ఫోను చేసింది.

మధ్యాహ్నం రెండింటికి అమలమ్మ జావ పట్టుకొచ్చింది. ఎప్పట్లాగే రావమ్మగారి చెయ్యి వచ్చి కొంగు పట్టుకుంది. "ఇవాళన్నా ఫోను చేస్తుందంటారా? అసలు చెప్పకుండా విమానం ఎక్కేసిందేమో, రేపు పొద్దున గుమ్మంలో..." అంటూ గొట్టంలో కొద్దికొద్దిగా పోసింది. పోసి, నీళ్ళతో కడిగి, మూత బిగించి లేవబోయింది. కొంగు ఎవరూ పట్టుకోనట్టే జారి వచ్చేసింది. చూస్తే గుప్పిట విడిపోయి ఉంది.

ఆమె కేక పెట్టలేదు. ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. గోడ మీది బెల్లు నొక్కింది.

డాక్టరు వచ్చాడు, ఈసీజీ కాగితం మీద గీత తిన్నగా వచ్చింది, టైము రాశాడు. కనకలక్ష్మి మంచం కోళ్ళ దగ్గర కూర్చుని కాసేపు ఏడ్చింది. తర్వాత మొహం తుడుచుకుని, "ఆయనొచ్చేసరికి గంట పడుతుంది. స్నానం ఇంటిదగ్గర మావాళ్ళు చేయిస్తారు. నువ్వు పైపైన తుడిచెయ్యి చాలు," అంది.

అమలమ్మ గొట్టం తీసేసి, బకెట్టులో నీళ్ళు పట్టి హీటరు పెట్టింది. దూది తెచ్చిన నర్సు సాయిశ్రీ అది చూసి, "ఇంకా వేణ్ణీళ్ళెందుకాంటీ? ఆవిడకేం తెలుస్తుంది?" అంది.

"నాకు తెలుస్తుందిగా తల్లీ."

ఈ పని నేర్పింది వెంకటరత్నమ్మ అనే పాత ఆయమ్మ. మొదటిసారి శవాన్ని తుడవమన్నప్పుడు అమలమ్మ రెండంతస్తులు దిగి పారిపోయి, సైకిల్ స్టాండు దగ్గర కక్కుకుంది. వెంకటరత్నమ్మ వెనకే వచ్చి తిట్టలేదు. ఆమె చెయ్యి పట్టుకెళ్ళి వెచ్చటి నీళ్ళ బకెట్టులో పెట్టి, అలాగే ఉంచింది, వణుకు తగ్గేదాకా. ఆమె పోయి కూడా పదేళ్ళయింది.

"మొహం తుడుస్తున్నానండీ రావమ్మగారూ," అంది అమలమ్మ. కళ్ళు మూసింది. గడ్డం కింద గుడ్డ చుట్టి తల మీద ముడి వేసింది. "చెయ్యి ఎత్తుతున్నా." ఒక క్షణం ఆగింది. ఎత్తింది. కాలి బొటనవేళ్ళు రెండూ కలిపి కట్టింది.

గుమ్మంలో నిలబడి చూస్తున్న కనకలక్ష్మి, "మా అత్తగారి సంగతి నీకు తెలీదు అమలమ్మా. బాగున్న రోజుల్లో అయితే నిన్ను మా వసారా కూడా ఎక్కనిచ్చేది కాదు," అంది.

"తెలుసండీ. నా ముక్కు పగలగొట్టిందిగా."

కనకలక్ష్మికి ఏడుపులోనే నవ్వొచ్చింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

నాలుగున్నరకి రావమ్మగారి కొడుకు వచ్చాడు. అంబులెన్సు వచ్చింది. స్ట్రెచర్ లిఫ్టులో పట్టక కాస్త ఏటవాలుగా పెట్టి దించారు. ఫ్లాస్కూ, తువ్వాళ్ళూ, మందుల సంచీ తీసుకుని కనకలక్ష్మి, "వస్తాను," అంది. ఆ మాట అక్కడ అనకూడదని గుర్తొచ్చి ఆగి, తలూపి వెళ్ళిపోయింది.

అమలమ్మ ఖాళీ మంచం మీద దుప్పటి లాగుతుంటే జాకెట్లో ఫోను మోగింది. జెస్సికా. బుధవారం.

దుప్పటి వదిలేసి ఫోను మొహం ముందు పెట్టుకుంది. "ఏమైందే? ఆసుపత్రిలో ఉన్నావా? ఎవరు పోయారు?"

"ఏం కాలేదమ్మా. ముందు కూర్చో." తెరమీద పిల్ల మొహం చిక్కి ఉంది. తల మీద ముసుగు, మెడదాకా స్వెట్టరు. వెనక ఇటుక గోడ, దాని పక్కన చిక్కుడు పాదులు. "నేను బాగానే ఉన్నా. ఆదివారం ఒక అగోగో పోయింది. ఇక్కడ అమ్మమ్మల్ని అలాగే అంటారు. రోజూ నేనే అన్నం పెట్టేదాన్ని. ఒళ్ళు కడగమన్నారు. చెంబుతో నీళ్ళు తీసుకుని కాలు పట్టుకున్నానమ్మా, అంతే... పారిపోయాను. ఈ పాదుల వెనకాల దాక్కున్నాను. ఇంకో సిస్టర్ కడిగింది."

"అయ్యో నా తల్లి!"

"మదర్ ఏమీ తిట్టలేదు. ఇది అందరివల్లా అయ్యే పని కాదు, వెళ్తానంటే మీ దేశం పంపించేస్తాను అన్నారు. సాయంత్రం లోపు చెప్పమన్నారు. ఏం చెప్పనమ్మా?"

అమలమ్మ మంచం అంచున కూర్చుంది. గుణదల కొండ మెట్లు కళ్ళ ముందుకొచ్చాయి. వచ్చెయ్యమ్మా అంటే చాలు. ఆ మాట నాలుక చివరే ఉంది, ఆరు వారాల నుంచీ.

"ఒకటడుగుతాను, చెప్తావా?" అంది జెస్సికా. "నువ్వు కొన్నికొన్ని రోజుల్లో డ్యూటీ నుంచి వచ్చి ఇంట్లోకి రాకుండా వీధి కుళాయి దగ్గరే నీళ్ళు పోసుకునేదానివి. ముట్టుకోనిచ్చేదానివి కాదు. ఎందుకో నాకు చిన్నప్పుడే తెలుసమ్మా. నాన్నకి చెప్పలేదు, నీకూ చెప్పలేదు."

ఇరవై రెండేళ్ళుగా ఆ సంగతి తనొక్కతే మోస్తున్నాననుకుంది అమలమ్మ.

"అన్నిటికీ అంత భయపడతావు కదా, అది మాత్రం ఎలా చేసేదానివి? ఇంకో అగోగోకి బాలేదు, రేపో ఎల్లుండో... ముందు ఏం చేస్తావమ్మా నువ్వు? చెప్పు."

చెప్తే పిల్ల ఉండిపోతుంది. అమలమ్మకి అది స్పష్టంగానే తెలిసింది. కింద ఒక బస్సు ఆగి, జనాన్ని దించి, మళ్ళీ కదిలింది. బకెట్టులో మిగిలిన నీళ్ళ మీద సబ్బు నురగ ఒక్కొక్క బుడగే పేలుతోంది.

"హలో? అమ్మా? నెట్ పోయిందా? నీ బొమ్మ కదలట్లేదు."

బొమ్మ ఆగలేదు. ఆమే కదలడం లేదు.

"అమ్మా... వినపడుతోందా?"

"ముందు నీళ్ళు కాచుకో," అంది అమలమ్మ. "చన్నీళ్ళు తీసుకెళ్ళుంటావు, అందుకే జడుసుకున్నావు. గోరువెచ్చగా ఉండాలి. నీ చెయ్యి అందులో పెట్టి, వణుకు తగ్గేదాకా ఉంచు. తర్వాత ఆమెని పేరుపెట్టి పిలువు. మొహం తుడుస్తున్నానని చెప్పు. చెప్పి, కాస్త ఆగి, అప్పుడు ముట్టుకో."

పొద్దున తను పెట్టిన చోటే, కిటికీ గట్టు మీద, నల్లటి చెక్క దువ్వెన ఉండిపోయింది. పళ్ళ మధ్య చిక్కుకున్న రెండు తెల్ల వెంట్రుకలు ఫ్యాను గాలికి లేస్తూ, పడుతూ ఉన్నాయి.