మైనం మీద నిలబడిన మాత

మాత విగ్రహం తలను తువ్వాలలో చుట్టి, పసిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకొచ్చాడు ఎర్రప్ప మామ. వెనక, ఆయన గుడికే పోయే మద్దిలేటి చేతిలో బండలు పగలగొట్టే సుత్తె ఉంది.

నాయన అన్నం ముందు కూర్చునున్నాడు. మద్దిలేటి ఆయన జుట్టు పట్టి వాకిట్లోకి ఈడ్చాడు. కంచం తిరగబడింది. లేవబోతుంటే డొక్కలో తన్నాడు.

ఎర్రప్ప మామ అమ్మకు సొంత అన్న. కతోలిక్కుల గుడిలో ఉపదేశి, జనానికి జపాలు నేర్పుతాడు. నాయనది ప్రొటెస్టెంటు గుడి. పెళ్లయ్యాక అమ్మ కూడా ఆ గుడికే వస్తోంది. పండగలకు మామ మా ఇంటికొచ్చి తినేవాడు, తింటూ నాయనతో వాదించేవాడు. దేవుడు బుద్ధి ఇచ్చింది వాడుకోను, ఈ లోకాన్ని చూసి, ఆలోచించి, దేవుడున్నాడని తేల్చుకోవచ్చు అనేవాడు. "మీయమ్మ మీయమ్మేనని ఎవర్నన్నా సాక్ష్యం అడిగినావా బావా? తెల్సంతే. దేవుడూ అంతే," అనేవాడు నాయన. ఇద్దరూ నవ్వుకునేవాళ్లు. నేను గోడ చాటునుంచి వినేదాన్ని. నలుగురిలో నాకు నోరు లేవదు.

ఈరోజు ఎవరూ నవ్వడం లేదు.

"గుడి ముందర మాత పగిలి పడుండాది. పక్కన ఈ ఉలి దొరికింది," అన్నాడు మామ. "దీనిమీద నీ గుర్తుండాది జాకబూ. పోయిన వారమే బొమ్మకు చెవులుండవని అందరి ముందర అంటివి. పొద్దున నుంచి యాడుంటివి?"

"గుట్టకాడ. ప్రార్థన చేసుకుంటాంటి."

"ఎవరు చూసినారు?"

"దేవుడు."

మద్దిలేటి చెప్పు తీసి మూతిమీద కొట్టాడు. "అట్లయితే ఆయప్పనే పిల్చుకొని రా, వచ్చి చెప్తాడు!"

నాయన నోట్లోంచి రక్తం గడ్డం మీదికి కారింది. "బావా, నేను చేయలేదు. చేయలేదని నాకు తెల్సు."

"నీకు తెల్సంటే చాలదప్పా. కారణం చూపించల్ల. కారణం లేకుండా నేను దేవుణ్ణే నమ్మలేదు, నిన్ను నమ్మల్నా?"

మామ తల తిప్పుకున్నాడు. అది చాలింది మద్దిలేటికి. నాయన కుడిచేతిని గడప రాతిమీద పెట్టి మోకాలితో తొక్కాడు. సుత్తె దించాడు. కాలికింద చెనక్కాయలు పగిలినట్టు వినిపించింది. రెండు వేళ్లు చితికిపోయాయి. బండలు కోసి బతికే చెయ్యి అది. నాయన అరుపుకి వీధిలో కుక్కలు మొరిగాయి. మద్దిలేటి మళ్లీ సుత్తె ఎత్తాడు.

అప్పుడు గుర్తొచ్చింది నాకు.

"ఉలి అమ్మ తీసుకపోయింది," అన్నాను.

అందరూ నా వైపు తిరిగారు. అయినా చెప్పాను. మాత పండగ ముందర ఆమె పాదాల దగ్గర గడ్డకట్టిన కొవ్వొత్తి మైనాన్ని ఆడవాళ్లు గీకుతారు. పెళ్లికి ముందు అది అమ్మ పని. నిన్న సాయంత్రం అమ్మ ఉలిని ఒడిలో పెట్టుకుని పోవడం, ఉలి లేకుండా మైనంతో తిరిగిరావడం నేను చూశాను. నాయనకు చెప్పొద్దంది.

"వాళ్ల నాయన కోసరం అబద్ధమాడ్తాంది," అన్నాడు మద్దిలేటి.

మామ నన్నే చూస్తున్నాడు. "రుజువు యాడుండాది పాపా?"

లోపలికి పరుగెత్తి, జొన్నల గంప వెనకనుంచి అమ్మ మైనం దాచిన డబ్బా తెచ్చాను. మామ పెద్ద మైనం గడ్డను తీసి తిప్పాడు. లోపలివైపు మాత పాదాల అచ్చు దిగి ఉంది. అచ్చుకి నీలం రంగు, పొడిపొడిగా సిమెంటు అంటుకుని ఉన్నాయి. మామ వేలితో గీకితే పిండిలా రాలింది.

"అడుగున సిమెంటు ఎప్పుడో పొడైపోయింది," అన్నాడు మెల్లగా. "ఇన్నేండ్లూ మైనమే పట్టుకోనుండాది. దాన్ని గీకేసింది. పొద్దున సుడిగాలి లేసింది కదరా మద్దిలేటీ..."

మద్దిలేటి సుత్తె వదిలేశాడు.

ఎవరు చెప్పారో, చెనక్కాయలు వొలిచే పనినుంచి అమ్మ పరుగెత్తుకొచ్చింది. నాయన చెయ్యి చూసింది. కిందపడిన సుత్తె తీసుకుని మామ భుజంమీద ఒక్కటేసింది. మామ అడ్డం పెట్టుకోలేదు. మళ్లీ వేసింది.

"ఇన్నేండ్లు ఈ ఇంట్లో కూడు తింటివి కదన్నా! ఇనుప ముక్కను నమ్మితివి, మనిషిని నమ్మకపోతివా?"

మామ చంకలోని మాత తల జారి మట్టిలో దొర్లింది. భుజం పట్టుకుని అక్కడే కూలబడ్డాడు.

నాయన గోడ పట్టుకుని లేచాడు. అమ్మనే చూస్తున్నాడు. "నాకు చెప్పకుండా మాతకాడికి పోతాంటివా పుష్పా?"

"పోతాంటి."

"పెండ్లయినప్పటినుంచీ?"

"ఎప్పుడూ మానలేదు."

నాయన ఎడమచెయ్యి లేచింది. నేను మధ్యలోకి దూరాను. దెబ్బ నా చెవిమీద పడింది. మట్టిలో పడ్డాను, మాత తల పక్కనే. చెవిలో గుయ్యిమంటోంది. అయినా నోరు ఆగలేదు.

"నిన్ను అన్నం ముందరనుంచి ఈడ్సేటప్పుడే నాకు తెల్సు నాయనా, నువ్వు చేసుండవని. ఉలి సంగతి అప్పటికి ఎవరూ అనలేదు. డబ్బా సంగతి నాకు గుర్తే లేదు."

నాయన మళ్లీ ఎత్తిన చెయ్యి అట్లాగే ఉండిపోయింది. "ఎట్లా తెల్సు?"

"తెల్సంతే."

నాయన గడప మీద కూర్చుని, చితికిన చేతిని అమ్మ వైపు చాచాడు. అమ్మ కదల్లేదు.

"నన్నింకా ఏమన్నా అడగల్లంటే ఇప్పుడే అడుగు," అంది.

నాయన చాచిన చెయ్యి వెనక్కి తీసుకోలేదు. రక్తం మోచేతిదాకా కారింది.

"ఏమీ అడగను."

అప్పుడు అమ్మ కొంగు చింపింది.