ఇద్దరు సర్పంచుల ఊరు

జివతి కొండల మీద ఆ ఊరిని మరాఠీ, తెలుగు రాష్ట్రాలు రెండూ మాదంటే మాదంటాయి. అందుకని ఊరికి ఇద్దరు సర్పంచులు, రెండు బడులు, ఇంటికి రెండేసి రేషన్ కార్డులు. ప్రతి మనిషీ రెండు పక్కలా ఓటేస్తాడు. నేను చంద్రపూర్ లాల్‌పేట్‌లో బొగ్గుగని కార్మికుడి కూతురిని, పేరు స్నేహలత. ఆ రోజు దుబాసీ పని మీద అక్కడికి వెళ్లాను.

ఊరి వెనక గుట్టలో సున్నపురాయి తవ్వడానికి ఒక కంపెనీ వచ్చింది. దానికి పెట్టుబడి పాతిక దేశాలు కలిసి నడిపే బ్యాంకుది. ఊరు ఒప్పుకోకపోతే పైసా ఇవ్వకూడదని ఆ బ్యాంకు నియమం. సర్పంచులిద్దరూ అప్పటికే సంతకాలు పెట్టేశారు. అయినా జనం మాటే వినాలని బ్యాంకు నుంచి ఒక విదేశీ మేడం వచ్చి బడి వరండాలో కూర్చుంది. గుట్ట కింద నాలుగెకరాల పత్తి చేను భూదేవిది. తవ్వకం మొదలైతే ముందు పోయేది అదే. ఆమె ముందు వరుసలో పిడికిళ్లు బిగించి కూర్చుంది.

"ఒప్పుకునేవాళ్లు చేతులెత్తండి" అన్నాను మేడం మాటగా.

అరవై ముగ్గురూ ఎత్తారు. భూదేవి కూడా!

"ఒప్పుకోనివాళ్లు?"

మళ్లీ అవే అరవై మూడు చేతులు.

మేడం తెల్లబోయింది. కంపెనీ మనిషి సంజయ్ నా పక్కకు వంగి మరాఠీలో, "మొదటి లెక్కే లెక్క అక్కా. అదే చెప్పు" అన్నాడు. ఆగి, "మీ తమ్ముడు సుమన్ మా కంపెనీ యార్డులోనే కదా పని?" అని కూడా అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. భయమూ వేసింది. ముసలి ఆశన్న వైపు తిరిగి, "ఇదేంది తాతా, రెండుసార్లు ఎత్తిన్రు?" అని అడిగాను.

"ఇద్దరు సర్పంచులు కూసున్నరు గద బిడ్డా. రెండుసార్లు అడిగితె ఇద్దరికి చెరొకసారి ఎత్తుడు మాకలవాటు. ఒక్కలకు ఎత్తకుంటే ఒక రేషన్ బందైతది. గిన్నేండ్లు గట్లనే బతికినం."

సుమన్ ముఖం కళ్ల ముందు కదిలింది. అయినా ఆశన్న అన్నదంతా ఒక్క ముక్క వదలకుండా మేడంకి చెప్పేశాను. సంజయ్ నన్ను కొరకొరా చూశాడు.

మేడం మళ్లీ అడగమంది. ఈసారి ఒక్కొక్కరూ ఒక్కసారే ఎత్తాలి. ఒక్క చెయ్యీ లేవలేదు. అందరి చూపూ సర్పంచులు కూర్చున్న ఆ రెండు కుర్చీల మీదే.

భూదేవి లేచింది.

"రాయమల్లన్నా, శంకరయ్య మామా, మీరిద్దరు జర బయటికి పోండ్రి."

రాయమల్లు ముఖం ఎర్రబడింది. "సర్పంచుని లెవ్వుమంటవా?"

"గా కుర్చీల మిమ్ముల మేమే కూసోబెట్టినం. మేమే లెవ్వుమంటున్నం."

ఆశన్న కర్ర ఊతంతో లేచి నిలబడ్డాడు. ఆయన వెనక ఇంకొకరు, ఆ వెనక ఒక వరుసంతా. శంకరయ్య ముందు కదిలాడు. రాయమల్లు ఏదో గొణుక్కుంటూ గేటు దాటాడు.

మళ్లీ అడిగాను. ఒప్పుకునేవాళ్లు పదకొండు. ఒప్పుకోనివాళ్లు యాభై రెండు. రెండుసార్లు లెక్కపెట్టాను.

మేడం ఆ అంకెలు రాసుకుని కారు వైపు నడిచింది. భూదేవి పరుగున వెళ్లి కారుకు అడ్డంగా నిలబడింది.

"బిడ్డా, గీమెను ఒక్కటడుగు. మా సర్పంచులను మేం కూసోబెట్టినం, మేం లేపినం. గా బ్యాంకుల ఈమెను ఎవలు కూసోబెట్టిన్రు? రేపు మాట తప్పితే మేం ఎవల్ని లేపాలె?"

ఉన్నదున్నట్టు అడిగాను. మేడం, "నాకు తెలియదని చెప్పు" అంది.

చెప్పాను. భూదేవి పక్కకు జరగలేదు.

"తెలుసుకొని రమ్మను. గంతదాక గుట్టను ముట్టద్దు."