నాలుగో మైక్రోస్కోపు

కెంటకీ కొండల్లో బొగ్గుగనులు మూతబడ్డ ఊళ్లో, సర్కారు హైస్కూల్లో వర్లీన్ టీచర్ ఇరవై రెండేళ్లుగా జీవశాస్త్రం చెబుతోంది. గాజు స్లైడులకీ, గ్లౌజులకీ, చివరికి తెల్లకాగితాలకీ దాతల వెబ్‌సైట్‌లో అర్జీ పెట్టుకోవాలి. అడిగి అడిగి ఆమెకు విసుగు కూడా పాతబడిపోయింది.

ఈ ఏడు నాలుగు మైక్రోస్కోపులు వచ్చాయి. దాతలిచ్చినవి ఎక్కడైనా అంతే కదా, కన్ను పెట్టగానే ముందు ఇచ్చినవాళ్ల వంటిల్లు కనిపిస్తుంది. కాసేపు ఓపిక పడితే అది తొలగి ఉల్లిపొర వస్తుంది.

"మా దాత ఇంకా గిన్నెలు తోముతున్నాడు టీచర్," అన్నాడు రాయిస్.

"తోమనీరా. నీలా సింకులో పడేసి పోలేదుగా."

నాలుగోదానికి గడువు చివరిరోజుకీ డబ్బు నిండలేదు. నిండకపోతే అర్జీ రద్దు. ఇక్కడి టీచర్లంతా చేసే పనే వర్లీనూ చేసింది, పేరు చెప్పకుండా మిగతాది తనే కట్టేసింది. కట్టేటప్పుడు తన వంటిల్లు గుర్తు రాలేదు.

ఆ మైక్రోస్కోపు క్లాసులో డెల్ఫా అనే పిల్ల వంతుకొచ్చింది. స్లైడు మార్చింది, అద్దం తుడిచింది, మూడు వారాలైనా ఉల్లిపొర రాలేదు.

"ఇంకా రాలేదా?"

"లేదు టీచర్. వాళ్లింట్లో ఏదో తెమలట్లేదు."

పిల్లలు దాతలకు స్వయంగా ఉత్తరాలు రాయాలి, టీచరు తప్పులు దిద్ది పంపాలి. బుధవారం సాయంత్రం ఇంట్లో డెల్ఫా ఉత్తరం చేతికొచ్చింది.

"పేరు చెప్పని దాతగారికి, మైక్రోస్కోపుకి థాంక్సండీ. మీ బల్లమీద ఆస్పత్రి ల్యాబు ఉద్యోగం కాగితం సంతకం లేకుండా అలాగే ఉంది. ఆఖరు తేదీ శుక్రవారం. మీ పొయ్యిమీద ఏదీ వండినట్టు లేదు. మీరు వెళ్తే ఏడుస్తాం. కానీ మీరిలా అరిగిపోతుంటే చూడలేను. సంతకం పెట్టండి."

వర్లీన్ అలవాటుకొద్దీ ఒక అక్షరదోషం దిద్దింది. తర్వాత ఏడ్చింది. ఇన్నేళ్లలో ఎవరూ ఆమెను ఉండమని అడగలేదు, ఉంటుందనుకున్నారంతే. వెళ్లమన్నది ఈ పిల్ల ఒక్కతే.

మర్నాడు పొద్దున్నే సంతకం పెట్టింది. సాయంత్రం ఆస్పత్రిలో ఇచ్చి రావొచ్చులే అని కాగితాన్ని బల్లమీదే విప్పి ఉంచి బడికొచ్చింది.

రెండో పీరియడ్లో డెల్ఫా కన్ను పెట్టింది. ఫోకసు మెల్లగా తిప్పింది.

"వచ్చిందా?" అని అడిగింది టీచర్, దగ్గరికి రాకుండా.

"వచ్చింది టీచర్," అంది డెల్ఫా. "ఉల్లిపొర చాలా బాగా కనిపిస్తోంది."