దొరగారి యినుపచేయి

జ్యేష్ఠమాసావసానమున బందరు పట్టణమునకు నైరృతి మారుతము ముందు ధూళిని పిమ్మట మబ్బులను కట్టకడపట ఊపిరాడని యుక్కపోతను గొనివచ్చుట వాడుక. ఆ యేటను నట్లే జరిగెను. లవణాబ్ధిపరిసరములనుండి లేచిన చంచలజలదపటలము దినమున కైదారు పర్యాయములు నగరమును గప్పుచు విప్పుచు నుండుటచే పెద్దబజారులోని వెలుతురు గడియ కొక తీరుగా మారుచుండెను. ఇట్టి యాకాశము రైతులకు విసుగును చాకలివారికి కోపమును గలిగించునేమో కాని సూర్యరశ్మియే మూలధనముగా గల ఛాయాగ్రాహకునకు మాత్రము పిచ్చి యెత్తించును.

ఆ బజారులో నొక మేడమీద అద్దాలకప్పు గల స్టూడియో నడుపుచుండిన కొమరగిరి రంగనాయకులు నలువది యేండ్ల వాడు. పనిలో నేర్పరి, మాటలో మెత్తనివాడు. ఆ దినములలో నతడు కెమేరా మూత తీసి మరల వేయుచు కిటికీకడకు బోయి మరల వచ్చుచు ఎవరేమడిగినను వేరొకటి చెప్పుచు సంకెలలేని ఖైదీవలె దిరుగుచుండెను. మబ్బులవలననే యట్లున్నాడని యందరు ననుకొనిరి. వారి యూహ తప్పు.

కారణము లక్కోజు నీలకంఠాచారి. ఈ వృద్ధుడు స్వర్ణకారవంశసంజాతుడయ్యు రంగనాయకులు తండ్రికాలముననే బంగారమును విడిచి గాజుపలకలను బట్టినవాడు. ఫొటో తీసిన పిదప గాజుపలకమీది ప్రతిబింబమున స్ఫోటకపు మచ్చలను కంటిక్రింది గుంటలను సూదిమొనవలె జెక్కిన పెన్సిలుతో బూడ్చి పూడ్చినట్లు చూచువారికి దెలియకుండ జేయుట యాతని విద్య. ముప్పదియైదేండ్లుగా బందరు పెండ్లికూతుల సౌందర్యము సగము బ్రహ్మదేవుని చేతిపని, తక్కిన సగము మన యాచారి చేతిపని. ఇప్పు డాతని చేయి చెక్కుచెదరలేదు కాని తల వణకుట మొదలిడెను. తల కదలిన గన్ను కదలును. కన్ను కదలిన బెన్సిలుమొన చెక్కిలిమీది మచ్చను దప్పి ముక్కుమీద బడును.

తల వణకుచున్నదని యాచారి యెరుగును. పని చెడుచున్నదని యెరుగడు. ఏలయన మూడు నెలలుగా రంగనాయకులు ఆచారి రాకమునుపే ప్రతిదినము వచ్చి యాతడు చెడగొట్టిన పలకలను రహస్యముగా దిద్దుచుండెను. ఆషాఢము గడచి శ్రావణము వచ్చినచో పెండ్లిఫొటోలు వెల్లువగా వచ్చును. ఒక్కడే యెన్ని దిద్దగలడు? "ఇక మీరు రానక్కరలేదు" అని చెప్పవలసినదే. తన్ను బాల్యమున భుజముమీద గూర్చుండబెట్టుకొని చీకటిగదిలో పలకపై బొమ్మ తేలుట చూపిన మనుష్యునితో నా మాట యే నోటితో జెప్పుట? ఈ చింతచే నతనికి కొంతకాలముగా అన్నము సహించుట లేదు.

ఇట్లుండగా స్వదేశమునకు బోవుచున్న యొక దొరగారి ఫొటోసామగ్రి వేలమునకు వచ్చెను. రంగనాయకులు లెన్సు కొరకు బోగా దానితో గూడ నొక వింతవస్తువు నంటగట్టిరి. మూడు కోరలు గల బరువైన యినుపపీట, దానిపై నిలువెత్తు కడ్డీ, ఆ కడ్డీని హెచ్చించుటకును దగ్గించుటకును నొక మర, కొనయందు అర్ధచంద్రాకారమున వంగిన రెండు వ్రేళ్లు. దీపస్తంభ మనుకొందమన్న దీపము నిలుచుటకు దావు లేదు. కెమేరా కాలనుకొందమన్న కెమేరా దానిపై కూర్చుండదు. మేడక్రింది కిళ్లీకొట్టు సూరయ్య పైకి వచ్చి దానిచుట్టు మూడు ప్రదక్షిణములు చేసి తీర్పు చెప్పెను.

"ఇదేంటో తెలీట్లేదా అండీ? పోయినోళ్ళని కుర్చీలో కూకోబెట్టి ఫొటో తీసేటప్పుడు తల వాలిపోద్ది గదా! ఎనకనించి దాన్ని పట్టుకునే ఇనపచెయ్యి ఇది. దొరలు మనలాగా తుండుగుడ్డతో కడతారా ఏంటి?"

ఎవ్వరును నవ్వలేదు. దహనమునకు ముందు మృతుని కుర్చీలో గూర్చుండబెట్టి పూలదండ వేసి బంధువులు చుట్టును నిలిచి కడసారి ఫొటో తీయించుకొనుట యచ్చటి వాడుక. వాలిపోవు తలను నిలుపుట రంగనాయకులకు ప్రతిసారియు బ్రాణసంకటమే. కావున నతడును నమ్మెను. ఆచారి మరింత నమ్మి దానిని ప్రక్కగదిలో బెట్టించి తా నంటకున్నను స్నానము చేసి వచ్చి పసుపునీళ్లు చల్లెను.

వారము గడచిన పిదప నొక ప్లీడరు తన తాతగారి పాతఫొటోను బెద్దదిగా జేయుడని యిచ్చి పోయెను. తలపాగ కోటు చేతికర్రతో నిటారుగా నిలిచిన పురుషుడు. ఆచారి యెడమచేతితో దన గడ్డమును గట్టిగా బట్టుకొని దానిని బరికించెను.

"బాబూ, ఈయన కాళ్ళ వెనక ఏదో ఉండేది. కత్తితో గీకేశారు. మంచి చెయ్యేగానీ తొందరపడ్డాడు. ఒక కొస మిగిలిపోయింది, చూడండి."

రంగనాయకులు రెండు చూచెను. ఒకటి, చెప్పుల నడుమ మిగిలిన యినుపకోర. రెండవది, గడ్డమును బట్టుకొన్నంతసేపు ఆచారి తల కదలకుండుట. అతడు ప్రక్కగదికి పరుగున బోయి ఆ వస్తువు నీడ్చుకొని వచ్చి పోల్చెను. కోరకు కోర సరిపోయెను. మరుక్షణమున నతడు ప్లీడరు గుమ్మములో నుండెను.

"మీ తాతగారు ఈ ఫొటో తీసేటప్పటికి బతికే ఉన్నారాండీ?"

"బతికుండటమేంటండీ, ఆ తరవాతేగా మూడో పెళ్ళి చేసుకుంది!"

తెర తొలగెను. పూర్వకాలపు పలకలు మందగతిని వెలుతురును గ్రహించునవి కావున ఫొటో తీయించుకొనువాడు పదియో పదునేనో లెక్కపెట్టునంతసేపు కదలక నిలువవలెను. సజీవుల తల చలింపకుండ వెనుకనుండి పట్టుటకే యీ చేయి పుట్టెను. పలకలు చురుకుదేలిన పిదప దానికి బని పోయెను. పని పోయినదానిని శవములకు గట్టబెట్టుట లోకమున కెంత సులభము!

రంగనాయకులు స్టూడియోకు మరలి వచ్చి నిలుచున్నపాటున మరను సడలించి కడ్డీని దించెను. వంగి పనిచేయువానికి మెడవెనుక నాధార మేల? కావున దానిని ద్రిప్పి ఆచారి బల్లకు ముందువైపున నిలిపి ఆ యర్ధచంద్రమునకు మెత్తని మల్లుగుడ్డ చుట్టెను. మెడను బట్టినది నుదుటిని బట్టును. ఆచారి రెండడుగులు వెనుకకు వేసెను.

"నా నుదురు దానికి ఆనించమంటారా? నాకింకా టైముంది బాబూ."

"బతికున్నోళ్ళదేనని తేలింది గదండీ ఆచారిగారూ. నా మాట మీద ఒక్కసారి... ఒక్కసారి కూర్చోండి."

ఇట్లని రంగనాయకులు తానే కుర్చీని బల్లకడకు జరిపెను. వృద్ధు డాతని మొగమువంక జూచి కూర్చుండి నుదు రానించెను. వణకు ఒక్కక్షణ మినుముతో బెనగి లొంగిపోయెను. ఆచారి సంతసించి బల్లమీద నున్న పలకను వెలుతురునకు నిలిపెను. అది మొన్న తాను ముగించితి ననుకొన్న యొక పెండ్లికూతురి పలక. తొందరలో దానిని దీసివేయుట రంగనాయకులు మరచెను. మరచితినని యతడు గ్రహించునప్పటికి వేళ మించెను.

ఆచారి చాలసేపు చూచెను.

"ఈ గీతలు నావి కావు," అనెను. "ఎన్నాళ్ళనించి బాబూ?"

రంగనాయకులు తల వంచెను. "మూడు నెలలు."

దయచే నొకరు కప్పిపుచ్చిన లోపమును చూడగల కన్ను తిరిగి వచ్చుట బహుమానమో శిక్షయో చెప్పుట కష్టము. ఆచారికి రెండును నొక్కమారే వచ్చెను. ఆతడు నుదురు తీయలేదు. పలకను మాత్రము ప్రక్కకు జరిపెను. తడి తగిలిన పలక చెడునని యట్టి దుఃఖమునను మరవలేదు. నాలుగైదు బొట్లు వట్టిబల్లమీద బడినవి. పిమ్మట దూదిని కర్పూరతైలమున ముంచి రంగనాయకులు తెల్లవారు వేళల నెంతో శ్రమించి గీసిన గీతల నన్నింటిని నెమ్మదిగా దుడిచివేసెను.

"మీది బరువు చెయ్యండీ. మీ నాన్నగారిదీ అంతే."

ఇట్లని పెన్సిలు జెక్కుకొని పెండ్లికూతురి చెక్కిలిమీది మొదటి మచ్చపై మొన మోపెను. మొన తప్పలేదు.