కొరకని దారం

గ్రహణం రోజు దేవక్క తన కోడలికి పెట్టిన కాపలా ఖజానాకు కూడా ఉండదు. అది ఎనభయ్యో సంవత్సరం, ఫిబ్రవరి నెల. పట్టపగలే చీకటి పడుతుందని రేడియో చెప్పేసరికి ఆదోని బజార్లన్నీ తలుపులు బిగించుకున్నాయి. దేవక్క కిటికీకి గోనెపట్టా కట్టి, తలుపు సందుల్లో పాత చీరలు కుక్కి, మూడో నెల కడుపుతో ఉన్న గిరిజను మంచం మీద పడుకోబెట్టింది. తాను గడపకు అడ్డంగా కూర్చుని, "కదలద్దు, గోకద్దు, ఏదీ తుంచద్దు" అని చెప్పిందే చెబుతూ పోయింది. గిరిజ చీమ కుట్టినా కదల్లేదు. అత్త భయం ఒకటైతే, ఆమెది ఇంకో భయం.

ఆ భయం ఆమె పైపెదవి మీదే ఉంది. ముక్కు కిందనుంచి పెదవి దాకా సన్నని గీత. చిన్నప్పుడు మగ్గం గుంటలో పడితే చీలిందని పెళ్లిమాటల్లో చెప్పారు. అబద్ధం. గిరిజ గ్రహణం మొర్రితో పుట్టింది. పుట్టినూరు ఎమ్మిగనూరులో ఆమె అసలు పేరు బడి పంతులుకు తప్ప ఎవరికీ అక్కర్లేకపోయింది, మొర్రిపిల్ల అంటే చాలు. పెద్దపిల్లయ్యాక వాళ్ల నాయన కర్నూలు తీసుకుపోయి ఆపరేషన్ చేయించాడు. కట్టు విప్పి అద్దం చేతికిచ్చిన పూట గిరిజ వెక్కి వెక్కి ఏడ్చింది, సంతోషంతోనే. అయినా నలుగురిలోకి వస్తే కొంగు దానంతటదే నోటికి అడ్డం వచ్చేది. ఊరు అన్నేళ్లు చూసిన చూపు ఒక్క ఆపరేషన్‌తో ఎక్కడికి పోతుంది?

కూతురికన్నా ఎక్కువ మాటలు పడింది తల్లి సుబ్బమ్మ. కడుపుతో ఉండి, గ్రహణం పట్టిన వేళ మగ్గంలో తెగిన పోగును ముడేసి, కొసను అలవాటు కొద్దీ పళ్లతో కొరికిందట. నేతపని చేసేవాళ్లకు కత్తెర చేతికి అందేలోపే పళ్లు ఆ పని కానిస్తాయి. అందుకే ఊరంతా వెంటనే నమ్మింది. గిరిజ కూడా నమ్మింది. కోపం వచ్చినప్పుడల్లా ఆ దారం సంగతే ఎత్తి తల్లిని పొడిచేది. సుబ్బమ్మ మాత్రం ఎన్నడూ ఎదురు చెప్పలేదు.

శ్రావణంలో గిరిజ ప్రసవించింది. తొలికాన్పు పుట్టింట్లో జరగాల్సింది. కానీ వియ్యాలవారు ఎమ్మిగనూరుకు వస్తే ఏ నోరు ఏం వాగుతుందోనని, మగ్గాలింట్లో చోటు లేదని సాకు చెప్పి, సుబ్బమ్మే ఆదోనికి వచ్చింది. మగపిల్లాడు, బంగారంలాంటి రంగు. పైపెదవి మాత్రం రెండుగా చీలి ఉంది.

దేవక్క తిట్టలేదు, కొట్టలేదు. అదే గిరిజకు మరీ కష్టంగా ఉంది. పక్కన కూర్చుని, తల నిమిరి మరీ అడిగేది.

"గ్యాపకం సేసుకో గిరిజా. ఏదో ఒగటి సేసింటావు. నేను కన్నార్పకుండా గడపలో కూసోనుంటి గదమ్మా. వచ్చినోళ్లంతా నన్నే అడుగుతాండారు."

"అమ్మ తిండి తింటా లేదు. సెప్పేయరాదా?" అన్నాడు భర్త వీరేశం. అతనూ మెల్లగానే అన్నాడు.

బిడ్డకు పాలు చీకడం రాలేదు. సుబ్బమ్మే దూదివత్తిని పాలలో ముంచి బొట్టు బొట్టుగా నోట్లో పిండేది. ఒక మధ్యాహ్నం దేవక్క కొళాయి దగ్గరికి పోయినప్పుడు, వత్తి పిండుతూనే అంది.

"కడుపు దురద పెడితే గోకినానని సెప్పు. అంతటితో ఇడిసిపెడతారు."

"నేనేమీ సేయల్యామ్మా."

"నేను మాత్రం సేసినానా?"

గిరిజ తల్లి ముఖంలోకి చూసింది.

"మీ జేజి, అదే మా యత్త, గూడా దినమూ ఇట్లే అడిగేది. ఏమీ ల్యా అంటే నమ్మకపాయ. ఒగనాడు ఇసుగొచ్చి, దారం కొరికినా అని సెప్పేస్తి. ఆ పొద్దే నాకు కడుపునిండా సంగటి పెట్టింది."

గిరిజకు సిగ్గుతో ఒళ్లు కాలిపోయింది. కొరకని దారంతో తల్లిని ఎన్నిసార్లు పొడిచిందో గుర్తొచ్చింది.

సాయంత్రం పక్కింటి హులిగమ్మ పిల్లాణ్ణి చూడ్డానికి వచ్చి ముక్కు మీద వేలేసుకుంది. దేవక్క తల దించుకుంది. అది చూడలేక సుబ్బమ్మ అందుకుంది.

"గోకినాదంట వదినా. బయపడి సెప్పల్యా, పాపం."

దేవక్క ముఖం ఒక్కసారిగా తేటపడింది. "అట్ల సెప్పండి! అవునా గిరిజా?"

ఊ అంటే చాలు. కాపురం ఎక్కడిదక్కడే ఉంటుంది. గిరిజ నోటి మీది కొంగు తీసేసింది.

"ల్యా అత్తా. నేను గోకల్యా. ఈ పెదివి మగ్గం గుంటలో పడి చీలింది గాదు. నేనూ వీని మాదిరే పుట్టినా. కర్నూల్లో కుట్టినారు. వీనికీ కుట్టిస్తాం."

వాకిట్లో నిలబడి వింటున్న వీరేశం, భార్య పెదవిని మొదటిసారి చూస్తున్నట్టు చూసి, చెప్పులేసుకుని బయటికి పోయాడు. హులిగమ్మ, వీధికి మోసుకుపోయే సరుకు దొరికింది కాబట్టి, ఆ వెనకే లేచింది. దేవక్క బిడ్డ వైపు చూడలేదు. సుబ్బమ్మ వైపు తిరిగింది.

"మోసం సేస్తిరి గదా వదినా. సరే, గిరిజ నీ కడుపులో ఉన్నబ్బుడు గ్రహణం నాడు నువ్వేం సేసినావు? అదన్నా నిజం సెప్పు."

సుబ్బమ్మ నోరు అలవాటుగా తెరుచుకుంది. 'దా...' అనే దాకా వచ్చి ఆగింది. గిరిజ తన వైపే చూస్తోంది.

"ఏమీ సేయల్యా," అంది సుబ్బమ్మ. ఇంకోసారి, కాస్త గట్టిగా అంది. "నేనేమీ సేయల్యా వదినా."

బిడ్డ ఏడుపందుకున్నాడు. ఆమె వత్తిని పాలలో ముంచింది. బొట్టు బొట్టుగా వాడి నోట్లో పిండింది.