చిలక అడిగిందని

పొద్దున్నే షాపు షట్టరు సగం కూడా ఎత్తలేదు, సుజన ఫోను మోగడం మొదలైంది. తిరుపతి బైరాగిపట్టెడలో ఆడోళ్ళకి బ్లౌజులు కుట్టే సుజనకి అంత పొద్దున్నే ఫోను చేసేది లైనింగు గుడ్డ వేసే ఏకాంబరం ఒక్కడే. ఏదో సరుకు వచ్చింటాదిలే అనుకుని ఎత్తింది.

"ఏమ్మా సుజనా, నేను జిడ్డునా?"

"ఏందన్నా?"

"నీ ఫోన్నించే మెసేజీ వచ్చినాది. 'హాయ్ జిడ్డు ఏకాంబరం, నీ ఫ్రెండ్ సుజన నిన్ను బుడగల ఆటకి పిలుస్తోంది' అంట. ఆటకి తర్వాత వస్తాలేమ్మా, నేను జిడ్డు ఎప్పుడైనానో అది చెప్పు ముందు!"

సుజన ఏం చెప్తుంది? కరెంటు పనికొచ్చే ఏకాంబరం ఇంకొకాయన ఉండాడు, ఇద్దరూ కలిసిపోకూడదని ఈయన్ని అట్లా సేవ్ చేసుకుంది, అంతే! ఆమె ఫోన్లో అందరూ అట్లాగే ఉంటారు. గ్రేసీలే ఎంతమందో, అందుకని పొట్టి గ్రేసీ, చర్చి గ్రేసీ, గొణుగుడు గ్రేసీ. అవన్నీ ఆమెకి మాత్రమే కనపడాల్సిన పేర్లు, రొంటిన దోపుకున్న బీగంచెవుల మాదిరి. ఇప్పుడు ఊరంతా వాటితోనే మెసేజీలు పోయినాయి!

ఏకాంబరాన్ని ఎట్లో సముదాయించి షాపు వెనకాల ఇంట్లోకి పరిగెత్తింది. వాళ్ళమ్మ మునెమ్మ మోకాలు నొప్పికి మందులు ఇప్పించుకుందామని పాకాల నుంచి వచ్చి కూతురింట్లోనే ఉండాది.

"మా, నిన్న నా ఫోన్లో ఏం చేసినావు?"

"ఏం చేస్తానే? నువ్వు మిషను మీదుంటివి, పొద్దుపోక ఆ బుడగల చిలకాట ఆడుకుంటి. ఫ్రీనే, పైసా అడగలేదు. పాపం ఆ చిలక ఎంత మర్యాదో, అన్నీ అడిగే చేసినాది."

"ఏమడిగింది?"

"ఫోన్లో పేర్లు చూసుకోవచ్చునా అనింది, సరే అంటి. ఫొటోలు చూసుకోవచ్చునా అనింది, సరే అంటి. మెసేజీలు పంపుకోవచ్చునా, యాడుండావో చూసుకోవచ్చునా, ఇంకా మైకో ఏందో…"

"అన్నిటికీ సరే అంటివా!"

"మరేమంటారే? వాకిట్లోకొచ్చి అడిగినోళ్ళని కాదంటామా? అడక్కుండా తీసుకుంటే కదా దొంగతనం!"

సుజన తల బాదుకుంది. "బుడగలు పగలగొట్టే ఆటకి ఫొటోలు ఎందుకుమా? మనం యాడుంటే దానికెందుకు? మన మాటలు విని ఆ చిలక ఏం చేసుకుంటాది, చెప్పు!"

"నన్నడుగుతావేందే? పోయి చిలకనే అడుగు."

నిజంగానే అడిగింది! ఆటలో 'సహాయం' అని ఉంటే నొక్కి, నా నంబర్లు మీరెందుకు తీసుకున్నారు, ఎవరికిచ్చారు, వెనక్కి ఎట్లా తీసుకోవాలి అని కోపంగా టైపు చేసి పంపింది. టక్కుమని జవాబు వచ్చేసింది. 'మాతో ఆడినందుకు థాంక్యూ! మీకు బంగారు బుడగలు బహుమతి!' ఫోను గోడకేసి కొట్టాలనిపించింది. ఆట పీకేసింది, సెట్టింగుల్లోకి పోయి అన్నీ ఆపేసింది. ఆపేసినా, పోయింది పోయినట్టేనా? ఎవరు చెప్తారు?

అప్పుడు గుర్తొచ్చినాయి ఫొటోలు.

ఎవరి వీపు వాళ్ళకి కనపడదు కదా, అందుకని ట్రయలు వేసినప్పుడు వెనకమెడ ఎంత దిగిందో సుజన ఫోన్లో ఫొటో తీసి చూపిస్తుంది. ఒక్కోసారి హుక్కులు పెట్టకముందే తీస్తుంది. చూపించాక చెరపాలనే అనుకుంటుంది, పనిలో పడి మర్చిపోతుంది. అన్నిటికంటే పైన ఉండేవి గొణుగుడు గ్రేసీ కూతురు కృపామణివి. పెళ్లికూతురు. ఆ పెళ్లి బ్లౌజులు బాగా వస్తే వాళ్ళ చర్చిలోని ఆడోళ్ళంతా ఈ షాపుకే వస్తారని సుజన ఆశ.

చకచకా అన్నీ చెరిపేస్తా ఉంటే గ్రేసీనే వచ్చేసింది, చెప్పులు కూడా విడవకుండా!

"నేను గొణుగుడునా? నడివీధిలో నిలబడి అరిస్తే తెలుస్తాది నీకు, గొణుగుడో ఏందో! మా పాప గుడ్డలన్నీ ఇచ్చేయ్!"

ఆమె కోపమంతా పేరు మీదే. ఫొటోల సంగతి ఆమెకి తెలీదు. కాళ్ళు పట్టుకుని సారీ చెప్తే పోయేదే. సుజన నోటిదాకా సారీ వచ్చింది కూడా.

"ఆంటీ, పేరుకి తిట్టండి, పడతాను. దానికంటే పెద్దదుండాది," అని మొత్తం చెప్పేసింది.

గ్రేసీ స్టూలు మీద కూలబడింది.

"పోయినాయా పాప ఫొటోలు?"

"తెలీదాంటీ. పోయినాయో లేదో చెప్పే దిక్కే లేదు. నా ఫోన్లో మాత్రం ఇప్పుడే చెరిపేసినాను."

"మూట కట్టు," అనింది గ్రేసీ. "గుడ్డలు మూట కట్టు."

సుజన గుడ్డలన్నీ మూట కట్టింది. అంతలో ఏదో అనుమానమొచ్చి, "ఆంటీ, ఆ మెసేజీలో లింకు మీరేమైనా నొక్కినారా?" అని అడిగింది.

"నొక్కకుండా ఉంటానా? నన్ను గొణుగుడని ఇంకేమేమన్నావో చూద్దామని నొక్కినాను."

"లోపల ఏమైనా అడిగిందా?"

గ్రేసీ ముఖం తిప్పుకుంది. "కోపంలో ఉంటిని. చదవలేదు. వచ్చిందల్లా నొక్కేసినాను."

"మీ ఫోన్లో పాప ఫొటోలు…"

"అన్నీ అందులోనే గదే!"

సరిగ్గా అప్పుడే గ్రేసీ ఫోను మోగింది. తెర మీద 'నాయుడుపేట నసోళ్ళు' అని పడింది. పెళ్లికొడుకు వాళ్ళు! గ్రేసీ ఫోను సుజన ఒళ్ళోకి విసిరేసినట్టే ఇచ్చింది. "నువ్వే మాట్లాడు!"

సుజన స్పీకరు నొక్కింది.

"వదినా," అంది అవతల గొంతు, చల్లగా, "నసోళ్ళం మాట్లాడతా ఉండాం."

"అమ్మా, నేను టైలరు సుజనని. తప్పు నా ఫోనుతో మొదలైందమ్మా, గ్రేసీ ఆంటీది కాదు. ఆ లింకు మాత్రం నొక్కబాకండి!"

"నొక్కేసినాం గదమ్మా. పేర్లు చూసుకుంటాం అంటా ఉండాది, ఏమనాలి?"

"కాదనండి!" సుజన అరిచిన అరుపుకి వీధిలో పోయేవాళ్ళు లోపలికి తొంగిచూశారు. "ఏమడిగినా కాదనండి, ఆట తీసిపారేయండి!"

వాళ్ళకి సంగతంతా చెప్పి, నవ్వించి, చీవాట్లు తిని పెట్టేసేసరికి సుజన గొంతు పోయింది. మూట తెచ్చి గ్రేసీ చేతికిచ్చింది.

గ్రేసీ మూట బల్ల మీద పెట్టేసింది. "ఈడే ఉండనీ. ఇంకో టైలరు దగ్గరికి పోతే ఆమె ఫోన్లో ఏముండాదో నాకెట్లా తెలుస్తాది? నువ్వన్నా చెప్పినావు. ఇంక ఫొటో తీస్తివా, చేయి విరుస్తా. వీపు కనపడేట్టు షాపులో అద్దాలు పెట్టించుకో." అని తన ఫోను మళ్ళీ చాపింది. "దీంట్లో ఇంకా ఏమేముండాయో చూసి పీకెయ్."

సుజన చూసింది. చూసేకొద్దీ ఒళ్ళు మండింది.

"ఆంటీ! టార్చి లైటుకి మీ చుట్టాల నంబర్లు ఎందుకిచ్చినారు ఆంటీ!"