మోకరించని ప్రార్థన

గుడ్ ఫ్రైడే పొద్దున మోకాళ్ళ మీద కూర్చుని వంటింటి నేల తోముతున్నాను. "ఆ మూల అలాగే వదిలేశావేం? మీవాళ్ళకి శుభ్రం తెలిస్తే కదా!" అంది మా అత్త అపొలోనియా. పెళ్ళి కోసం జ్ఞానస్నానం తీసుకుని, రుఖ్లాని కాస్తా బ్రోన్యానయ్యాను. ఆ వెంటనే లూబ్లిన్ వదిలి, మా ఆయన రైల్వే ఉద్యోగం పేరు చెప్పి ఈ ఊరొచ్చేశాం. నేను యూదుల పిల్లనని ఇక్కడ ఆయనకీ అత్తకీ తప్ప నరమానవుడికి తెలియదు. నా కూతురు హల్కాకి కూడా తెలియదు. దానికి అమ్మమ్మ చచ్చిపోయిందని చెప్పాం. మా అమ్మ లూబ్లిన్‌లో, యూదుల వీధిలో, నిక్షేపంలా ఉంది. అయినా నా చేతిలో గిన్నె జారితే చాలు, అత్త నోట ఆ 'మీవాళ్ళు' ఇంట్లోకి వచ్చేస్తారు.

ఏడాది పొడుగునా భయమే నాకు. ఈ రోజైతే ప్రాణాలు అరచేతిలో ఉంటాయి. గుడిలో ఫాదర్ అందరి కోసమూ ప్రార్థిస్తారు. పోప్‌గారి కోసం, రోగుల కోసం, ఖైదీల కోసం. ప్రతి ప్రార్థనకీ మోకరిస్తాం. యూదుల వంతు వచ్చేసరికి మాత్రం ఎవరూ మోకరించరు. వాళ్ళు ప్రభువు ముందు వెక్కిరింతగా మోకరించారట, అందుకని. అలా వెక్కిరించింది రోమా సైనికులని సువార్తలోనే ఉంది కదా అని ఒకసారి మా ఆయన జెనోన్‌తో అన్నాను. "నీకెందుకే వేదాంతం? పొయ్యి మీద పులుసు పొంగుతోంది చూడు," అన్నాడు. అంతలోనే గొంతు తగ్గించి, "ఈ మాట ఇంకెక్కడా అనకు. గుడి నుంచి వస్తూ కుర్రాళ్ళు ఈ ఊరి యూదుల వీధిలో ఏం చేశారో చూశావుగా," అన్నాడు. చూడకేం! ఆ పగిలిన కిటికీల గాజుపెంకుల మీదుగానే తల వంచుకుని ఇంటికొచ్చాను.

నేల తోమీ తోమీ వంగడం అలవాటైన మోకాళ్ళు. ఆ ప్రార్థన దగ్గర ఎక్కడ వంగిపోతాయోనని ఏటా ముందున్న బల్ల గట్టిగా పట్టుకుని నిలబడతాను. ఈ మధ్యాహ్నం గుడిలో కూడా అలాగే నిలబడ్డాను. వంగింది నేను కాదు, హల్కా. అందరూ నిలబడి ఉంటే అది బుద్ధిగా చేతులు జోడించి మోకరించింది.

అత్త దాని రెక్క పట్టుకుని లేపింది. "లే! వాళ్ళ కోసం మోకరించకూడదు."

"ఎందుకు బామ్మా?"

"వాళ్ళు దేవుణ్ణి చంపారు."

ముందు వరసలో రొట్టెల కొట్టావిడ వెనక్కి తిరిగి చూసింది. హల్కా ఏడుపు మొహంతో నా పావడా పట్టుకుంది. "అమ్మా, వాళ్ళంటే ఎవరు?"

జెనోన్ నా వైపు చూసి, వద్దన్నట్టు తలూపాడు. 'ఇంటికెళ్ళాక చెప్తాలే' అంటే చాలు, గండం గడిచిపోతుంది. రేపు ఈస్టర్ పండగకి కోడిగుడ్లకి రంగులు వేసుకోవచ్చు. కానీ ఇక ఈ పిల్ల వాళ్ళ కోసం ఎన్నడూ మోకరించదు. ఎవరి కిటికీ మీద రాయి పడినా నిలబడి చూస్తుంది, నాలాగే.

బల్ల వదిలేసి మోకరించాను. హల్కాని దగ్గరికి తీసుకున్నాను.

"మీ అమ్మమ్మ, తల్లీ," అన్నాను, అందరికీ వినబడేలా.